అడగవలసిన ప్రశ్న

తాడిపత్రిలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ బతికిన కాలంలో, 1990ల నడిమి భాగాన, కొన్నాళ్లు ఒక కళాశాల వసతిగృహానికి వార్డెనుగా కూడా ఉన్నాను. వార్డెను అంటే పెద్ద పదవేమీ కాదు. సాయంత్రం ఒకసారి వెళ్లి హాజరుపట్టీలో సంతకం పెట్టడం, బియ్యం లెక్క చూడడం, కుళాయి రాకపోతే మునిసిపాలిటీకి కబురంపడం, అంతే. ఆ వంటశాలలో ఒకామె ఉండేది. పిల్లలందరికీ ఆమె అమ్మ, నాకు అక్క. ఒకనాటి రాత్రి ఆమె నన్ను గడప దగ్గరే నిలబెట్టి, "సారూ, ఆ మూలగదిలో పిల్లోడు నాలుగు దినాలాయ సరిగా తినక. సంగటి ముద్ద ముట్టినట్ల జేసి అట్లే పెట్టి పోతాండాడు. ఒగసారి అడగండి" అంది.

నేను హాజరుపట్టీ తిరగేశాను. నాలుగు రోజులూ హాజరే. "ఇంటిమీద బెంగలే అక్కా, పరీక్షలు గదా" అని సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. అడగలేదు.

ఆ రాత్రి ఆమే అడిగింది. మరునాడు ఉదయం నేను వెళ్లేసరికి ఆ పిల్లవాడు వంటశాల అరుగుమీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. ఆమె వాణ్ని కంటికి దూరం కానివ్వలేదు. పల్లెకు పోయే బస్సులో ఎవరితోనో కబురంపింది. మధ్యాహ్నానికి వాళ్లమ్మ వచ్చింది. పదిరోజులు ఇంటి దగ్గర ఉండి వచ్చి, పరీక్ష రాసి, ఒక పేపరు పోగొట్టుకుని, మళ్లీ రాసి గట్టెక్కాడు. ఇరవయ్యేళ్ల తరువాత ఒకసారి ఊరికి వచ్చినప్పుడు మొదట ఆమె ఇంటికి వెళ్లి, ఆ తరువాత నా దగ్గరికి వచ్చాడు. ఆ వరుసలో నాకు అన్యాయమేమీ కనబడలేదు. అప్పుడు చెప్పాడు: "అమ్మ నా పక్కన కూచుని, 'సచ్చిపోవల్లని ఉందా నాయనా' అని అడిగింది సార్. అంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు."

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. దాన్ని ఎక్కడెక్కడ ఎవరెవరు అడగడం నేర్చుకున్నారు, కళాశాలలో జీతం తీసుకునే వాళ్లందరికీ దాన్ని నేర్పాలన్న మాట మన దాకా రావడానికి ఎందుకింత ఆలస్యమైంది అన్నది చెప్పాలని ప్రయత్నం. చరిత్ర చెప్పుకునేవాడికి యుద్ధాల కన్నా ఆలస్యాల మీద ఆసక్తి ఉండటం మంచిదని నా అభిప్రాయం.

మా అనంతపురం జిల్లాలో ప్రశ్నలకు ఏనాడూ కొరత లేదు. కాకపోతే అన్నీ మనిషి పోయిన తరువాత వచ్చేవే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేరుశనగకు కావలసిన వేళ కాకుండా దానికి తోచిన వేళ కురిసే నేల ఇది. 1990ల చివరినుంచి ఇక్కడ రైతుల మరణాలు పత్రికల్లో రోజువారీ వార్త అయ్యాయి. 2004 జూన్ 1న నాటి ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. మంచి పనే. అయితే ఆ సాయం చేతికి రావాలంటే ముందు విచారణ జరగాలి. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల వాళ్లు వచ్చి అడిగేవారు. భూమి ఎవరి పేరిట ఉంది? అప్పు సేద్యానికే చేశాడా? పాసుపుస్తకం ఏది? కౌలు రైతుకు కాగితం ఉండదు కనుక అతడి ఇంట్లో ఆ ప్రశ్నలకు జవాబూ ఉండేది కాదు. అంతకుముందే పోలీసుల శవపంచనామా ప్రశ్నలు. ఇన్ని శాఖలు ఇంత శ్రద్ధగా అడిగిన ప్రశ్నల్లో ఒక్కటైనా ఆ మనిషి బతికుండగా అతణ్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ ఇళ్ల పిల్లలే డిగ్రీ తరగతుల్లో మా ముందు కూర్చున్నారు. ఉపకారవేతనం దరఖాస్తులో తండ్రి పేరుకు ముందు 'లేట్' అని వాళ్లే రాసి తెచ్చేవారు. మేం కాగితం సరిగ్గా ఉందో లేదో చూసి ముద్ర వేసేవాళ్లం.

ఎందుకు అడగలేదు? దీనికి రెండు కారణాలు చెప్పాలి. ఒకటి మన భాషలో ఉంది, రెండోది చట్టంలో ఉంది. రెండూ లోలోపల చేతులు కలుపుకున్నాయి.

భాష సంగతి చూడండి. మన ఇళ్లలో ఈ విషయాన్ని పేరుపెట్టి పలకరు. "ఏదన్నా చేసుకుంటాడేమో" అంటారు. ఆ 'ఏదన్నా'లో ఎంత భయం దాచుకున్నామో పరభాషవాళ్లకు చెప్పడం కష్టం. పొరపాటున ఎవరైనా పేరుపెట్టి పలికితే, "అశుభం పలకొద్దు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని పెద్దవాళ్లు నోరు మూయిస్తారు. పత్రికల తెలుగు ఇంకో దారి పట్టింది. అక్కడ మనిషి ఆత్మహత్యకు 'పాల్పడతాడు'. దొంగతనానికి పాల్పడతారు, అవినీతికి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు. ఈ క్రియ నేరం పక్కన తప్ప మరెక్కడా కూర్చోదు. ఎవరైనా మిత్రులు "ఫలానావాడు దానధర్మాలకు పాల్పడ్డాడు" అన్న వాక్యం చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఈ క్రియకు ఆ చోటు ఊరికే దొరకలేదు. 1862 జనవరి 1నుంచి అమలైన భారత శిక్షాస్మృతిలో 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం. ఏడాది దాకా సాధారణ కారాగారవాసం, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంగ్లండునుంచి తెచ్చి నాటిన మొక్క ఇది. తెచ్చినవాళ్లు తమ పెరట్లో దాన్ని 1961లోనే పీకేసుకున్నారు. మనం అంటుకట్టి పెంచుకున్నాం. తీసేయమని 1971లోనే లా కమిషన్ తన 42వ నివేదికలో చెప్పింది. 1978లో రాజ్యసభ ఆ మేరకు సవరణ బిల్లు ఆమోదించింది కూడా. 1979లో లోక్‌సభ రద్దు కావడంతో బిల్లూ దానితోపాటే పోయింది. ఒక ప్రభుత్వం పడిపోయిందన్న కారణాన మరో నలభై అయిదేళ్లు బతికిన సెక్షను ఇది. తరువాత కోర్టుల్లో దాగుడుమూతలు నడిచాయి. బొంబాయి హైకోర్టు చెల్లదంది, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందంది. సుప్రీంకోర్టు 1994లో కొట్టేసి, 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో మళ్లీ నిలబెట్టింది. 2008లో లా కమిషన్ 210వ నివేదికలో మళ్లీ తీసేయమంది. చివరికి 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29నుంచి అమల్లోకి వచ్చి, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని, అతడికి వైద్యం చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి వారసుడు లేడు. ప్రభుత్వోద్యోగిని విధి చేయనీయకుండా బెదిరించడానికి చేసే ప్రయత్నం ఒక్కటే ఇంకా నేరంగా మిగిలింది.

ఆ సెక్షను కింద ఎందరు జైలుకు వెళ్లారన్నది చిన్న విషయం. అది మాట్లాడనివ్వలేదు, అదీ పెద్ద విషయం. ఆసుపత్రికి తెచ్చిన పిల్లవాడి గురించి ఇంటివాళ్లు 'పొరపాటున జరిగింది' అని రాయించుకునేవారు. కళాశాల యాజమాన్యం పోలీసుల పేరు వింటేనే ముడుచుకుపోయేది. ఉపన్యాసకుడికి అనుమానం వచ్చినా నోట్లోనే ఉంచుకునేవాడు, ఎందుకంటే అడిగి తెలుసుకుంటే అది నేరం గురించి తెలిసి ఉండటం అవుతుందేమోనన్న భయం. చట్టం మారి కొన్నేళ్లయింది గానీ ఉపాధ్యాయుల గదుల్లో ఆ భయం రద్దు కావడానికి గెజెట్‌లో అచ్చయితే చాలదు.

ఇక ఈ ప్రశ్న పుట్టిన చోట్లకు వెళదాం. విద్యార్థుల విషయంలో బడికి బాధ్యత ఉందా అన్న చర్చ పండితుల సభలో జరిగింది 1910 ఏప్రిల్‌లో, వియన్నా నగరంలో. అనంతపురంలో దత్తమండల కళాశాల పుట్టడానికి అప్పటికింకా ఆరేళ్లుంది. అక్కడి మనోవిశ్లేషణ సంఘం విద్యార్థుల ఆత్మహత్యల గురించే ప్రత్యేకంగా సమావేశమైంది. ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ ఉన్నారు. బడి పిల్లల్ని చావువైపు నెట్టకుండా ఉంటే సరిపోదని, బతకాలన్న కోరిక వాళ్లలో కలిగించాలని, ఇంటి పట్టు సడలే వయసులో వాళ్లకు ఆసరా కావాలని ఫ్రాయిడ్ వాదం. ఎదిగే పిల్లలకు తప్పటడుగులు వేసే హక్కుంటుందని, జీవితానికుండే కాఠిన్యాన్ని బడి తన మీద వేసుకోకూడదని కూడా ఆయన అన్నాడు. నూరేళ్లు దాటింది. ర్యాంకుల వారీగా తరగతులు విడగొట్టి, వెనకబడ్డవాళ్ల పేర్లు గోడకంటించే చోట్ల ఈ మాటలు ఇంకా కొత్తగానే వినిపిస్తాయి.

చర్చ ఒకటి, పని ఒకటి. పని మొదలుపెట్టినవాడు లండనులో చాడ్ వారా అనే చర్చి గురువు. 1935లో, కొత్తగా ఆ వృత్తిలోకి వచ్చినప్పుడు, ఆయన జరిపిన తొలి అంత్యక్రియలు ఒక బాలికవి. రజస్వల అయినప్పుడు అదేదో చెడ్డరోగమనుకుని, ఎవరినీ అడగలేక చనిపోయిన పిల్ల. ఆ సంగతి ఆయనను వదల్లేదు. 1953 నవంబరులో ఒక ఫోను పెట్టుకుని, చావాలనిపించినవాళ్లు తనతో మాట్లాడవచ్చని ప్రకటించాడు. ఇంగ్లండులో అది అప్పటికింకా నేరమేనన్న సంగతి గుర్తుంచుకోవాలి. జనం వచ్చారు, బయటి గదిలో వేచి ఉండేవారు. వాళ్లకు టీ ఇచ్చి కాసేపు కబుర్లు చెప్పడానికి కొందరు మామూలు మనుషులు, ఏ చదువూ ప్రత్యేకంగా చదవనివాళ్లు, తోడుగా ఉండేవారు. కొన్ని నెలల్లో చాడ్ వారా ఒక వింత గమనించాడు. బయటి గదిలో టీ తాగినవాళ్లలో చాలామందికి లోపలికి వచ్చి తనతో మాట్లాడే అవసరం ఉండటం లేదు. వాళ్లు కోరుకున్నది వినే మనిషిని. 1954 ఫిబ్రవరిలో ఆ పనిని ఆయన టీ ఇచ్చేవాళ్లకే అప్పగించాడు. సమారిటన్స్ అనే సంస్థ చరిత్ర ఇలా మొదలైంది.

ఈ ఉద్యమపు నీడ మన దాకా రావడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1986లో చెన్నపట్నంలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' ప్రారంభించారు. తరువాత సికింద్రాబాదులో 'రోష్ని' వచ్చింది. అయితే ఫోను ఎత్తే మనిషిని తయారుచేయడం వేరు, బడిలో ఉండే మనిషిని తయారుచేయడం వేరు. ఆ రెండోపని మన గడప పక్కనే జరిగిందని ఆలస్యంగా తెలుసుకుని ఆశ్చర్యపోయాను. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో మాళవికా కపూర్, కరియప్ప అనే ఇద్దరు 1970లలోనే బడిపంతుళ్లకు విద్యార్థుల బాధ వినడంలో శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణ ఎంతవరకు పనికివచ్చిందో పరిశీలించి 1978లో ప్రచురించారు. మా ఊళ్లవాళ్లు మనసు బాగాలేని మనిషిని వెంటబెట్టుకుని రాత్రి బస్సెక్కేది ఆ నిమ్‌హాన్స్‌కే. రోగులు వెళ్లిన దారిన ఆ విద్య మాత్రం ఇటు రాలేదు.

1971లో అమెరికాలో జాన్ స్నైడర్ అనే ఆయన, కష్టంలో ఉన్నవాళ్లకు సహజంగా ఎదురుపడే మనుషులకు ఒక పేరు పెట్టాడు. దాన్ని మనం ద్వారపాలకులు అనుకుంటే సరిపోతుంది. ఉపాధ్యాయుడు, మంగలి, పూజారి, గుమాస్తా, కాపలాదారు, వీళ్లందరూ వైద్యుడి కన్నా ముందు ఆ మనిషిని చూస్తారు కనుక, గుర్తుపట్టడం వీళ్లకు నేర్పాలన్నది ఆలోచన. మా బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గుర్తుకు వస్తుంది. లింగం అడుగున ఊట ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, ఎండాకాలం పెన్న ఇసుకతిన్నెగా మారినా సరే. గుళ్లలో ద్వారపాలకుడి ఉద్యోగం తగనివాణ్ని ఆపడం. ఈ కొత్త ద్వారపాలకుడు లోపల ఊరుతున్న మాటను బయటికి రానివ్వాలి. 1995లో పాల్ క్విన్నెట్ ఈ శిక్షణను గంటా రెండు గంటల పాఠంగా కుదించాడు. సూటిగా అడుగు, సాయం తీసుకునేలా ఒప్పించు, తగినవాళ్ల దగ్గరికి చేర్చు. మూడే మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2000లో ఉపాధ్యాయులకూ బడి సిబ్బందికీ ఒక చిన్న మార్గదర్శిని అచ్చువేసింది.

సూటిగా అడగమంటే మన తథాస్తు దేవతలు ఊరుకుంటారా? అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్లమవుతామేమో అన్న భయం మనకే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు పాఠశాలల్లో 2,342 మంది విద్యార్థులతో చేసి 2005లో ప్రచురించిన పరిశోధన ఆ భయాన్ని తూచి చూసింది. సగంమందిని ఆ ప్రశ్న అడిగారు, సగంమందిని అడగలేదు. అడిగినవాళ్లలో బాధ గానీ ఆ ఆలోచన గానీ పెరగలేదు. అప్పటికే కుంగి ఉన్నవాళ్లకు, లోగడ ప్రయత్నించినవాళ్లకు కొంచెం తేలికపడింది కూడా. దేవతలు తిరుగుతుంటే తిరగనివ్వండి, అడిగితే వాళ్లు తథాస్తు అనరు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే శిక్షణ అన్నది సంజీవని అన్నట్లుంటుంది. కానీ చరిత్రలో అలా లేదు. పది ఐరోపా దేశాల్లో 168 పాఠశాలల్లో 11,110 మంది పిల్లలతో జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. కొన్ని బళ్లలో ఉపాధ్యాయులకు క్విన్నెట్ పద్ధతి నేర్పారు, కొన్నింటిలో నిపుణులు పరీక్షించారు, కొన్నింటిలో పిల్లలకే, నాటకాల వంటి వాటితో, తమ బాధ గురించి తాము మాట్లాడుకోవడం నేర్పారు. ఏడాది తరువాత చూస్తే ప్రయత్నాలు తగ్గినది చివరి పద్ధతిలోనే. ఉపాధ్యాయులకు మాత్రమే నేర్పిన చోట చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 32 పాఠశాలల సిబ్బంది మీద జరిగి 2008లో వచ్చిన మరో పరిశీలన ఇంకా లోతుకు వెళ్లింది. శిక్షణతో అందరికీ తెలివిడి పెరిగింది. నిజంగా పిల్లల్ని అడగడం పెరిగింది మాత్రం ముందునుంచీ పిల్లలతో మాటామంతీ ఉన్న సిబ్బందిలోనే. అంతకుముందు ప్రయత్నించిన పిల్లలు పెద్దవాళ్లెవరికీ చెప్పబోమని ఎక్కువగా అన్నారు. అంటే ఆపదలో ఉన్నవాడు తనంతట తాను వస్తాడని కుర్చీలో కూర్చుంటే లాభం లేదు.

ఆ పరిశోధన చదివినప్పుడు నాకు సంగటి ముద్ద గుర్తుకువచ్చింది. మాకు, ఉపన్యాసకులకు, తెలిసింది హాజరూ మార్కులూ. వంటామెకు తెలిసింది ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు. రాత్రి కాపలాదారుకు తెలిసింది ఎవరి గదిలో దీపం ఆరలేదో. శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

మన రాష్ట్రంలో ఈ మాట కాగితం మీదికి రావడానికి పట్టిన కాలమూ చెప్పాలి. ఇంటర్మీడియెట్ కార్పొరేట్ కళాశాలల్లో విద్యార్థుల మరణాలపై 2001లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ వేసింది. 2017లో మళ్లీ అదే సమస్యపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ వేసింది. రెండు కమిటీల నడుమ పదహారేళ్లు. అంటే మొదటి కమిటీ నాటికి పుట్టిన పిల్ల రెండో కమిటీ నాటికి ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరి ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తరువాత జరిగినవి ఎవరూ మరిచిపోలేరు కనుక వివరించను. 2022లో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో దేశం మొత్తం మీద విద్యార్థుల మరణాలు 13,044. అందులో పరీక్ష తప్పడమే కారణమని రాసినవి 2,248. 'కారణం' అన్న గడి నింపేది పోలీసులే కనుక ఆ రెండో అంకెను కాస్త జాగ్రత్తగానే చూడాలి. ఇలాంటిదానికి ఒకే కారణం ఉండటం అరుదు.

చివరికి దేశానికంతా వర్తించే ఆదేశం మన రాష్ట్రం కేసులోనుంచే వచ్చింది. విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి, దర్యాప్తు సరిగా జరగలేదని హైకోర్టుకూ, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లాడు. 2025 జులై 25న న్యాయమూర్తులు విక్రమ్‌నాథ్, సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో ఆగలేదు. ప్రత్యేక చట్టం వచ్చేదాకా విద్యాసంస్థలన్నీ పాటించవలసిన 15 మార్గదర్శకాలు ఇచ్చారు. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హతగల సలహాదారు కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి తరగతులు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. టెలీమానస్ వంటి సహాయ కేంద్రాల నంబర్లు వసతిగృహాల్లో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచింది ఇది: బోధన సిబ్బందితోపాటు బోధనేతర సిబ్బంది అంతా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ పొందాలి. హెచ్చరికలు గుర్తించడం, మొదటి ఓదార్పు, నిపుణుల దగ్గరికి చేర్చడం అందులో ఉండాలి. అదే సంవత్సరం మార్చిలో మరో కేసులో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల కోసం జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది.

శిక్షణలో ఏం నేర్పుతారో నిరుడు చూశాను. పాత ఉపన్యాసకుణ్నని మర్యాదకు నన్నూ పిలిచారు. ప్రిన్సిపాల్ ఒకప్పటి నా విద్యార్థి. వచ్చినావిడ బాగా చెప్పింది. వస్తువులు పంచిపెట్టేయడం, నిద్ర తప్పడం, స్నేహితులకు దూరం కావడం, 'నేను లేకపోతే మీకే సుఖం' లాంటి మాటలు, చాలాకాలం కుంగి ఉండి హఠాత్తుగా నెమ్మదించడం, వీటిని తేలిగ్గా తీసుకోవద్దంది. ఉపదేశాలు వద్దు, 'నీకేం తక్కువ' అనవద్దు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు, ఒంటరిగా వదలవద్దు. నిపుణుడి దాకా నువ్వే వెంట వెళ్లు, కాగితం మీద చిరునామా రాసి చేతిలో పెట్టకు. తాడిపత్రినుంచి అనంతపురం పెద్దాసుపత్రికి గంటన్నర బస్సు ప్రయాణం, ఆ గంటన్నరా పక్కసీటులో ఎవరో ఒకరు కూర్చోవాలన్నమాట. రాత్రివేళయితే 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు అని చెప్పింది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ నంబరు అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది.

ఆ తరువాత ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఆ ప్రశ్నను పైకి పలికించింది. పాతికేళ్లు పాఠాలు చెప్పినవాళ్ల నోట ఆ వాక్యం రాలేదు. ఒకరు నవ్వేశారు, ఒకరు ఇంగ్లీషులో అడిగారు, ఒకరు "ఏదన్నా... అట్లాంటిది..." దగ్గర ఆగిపోయారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి వంటామె మాటల్లోనే అడిగాను, అప్పుడు వచ్చింది.

విరామంలో టీ తెచ్చినామె హాస్టలులో వంట చేస్తుందట. పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి వింటోంది. హాజరుపట్టీలో ఆమె పేరుందా అని ప్రిన్సిపాల్‌ని అడిగాను. "వాళ్లు ఏజెన్సీ తరఫున వస్తారు సార్, మన స్టాఫ్ కిందికి రారు" అన్నాడు. తీర్పులో మాట చెప్పాను. అతడు కాసేపు ఆలోచించి, ఆమెను లోపలికి రమ్మని కుర్చీ చూపించాడు. వాచ్‌మన్‌కి, మిగతా వంటవాళ్లకు కబురంపాడు. జాబితా అడుగున నలుగురి పేర్లు చేత్తో రాయించాడు. హోదా అన్న గడిలో ఏం రాయాలి సార్ అని గుమాస్తా ఇంకా అడుగుతున్నాడు.